జున్ను చెవిలో నడిచే గులిమి

పశువైద్యురాలి ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పిల్లుల చెవుల గురించే. అందుకని కుక్కలనూ చిలకలనూ వచ్చే సంచికకు వాయిదా వేశాను. వాటి యజమానులు కోప్పడకండి.

*ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నెలన్నర క్రితం మా వీధి గుడి దగ్గర దొరికిన పిల్లి కూనను ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు దానికి నాలుగు నెలలు ఉండవచ్చు. పేరు జున్ను. ఇరవై రోజులుగా తల విదిలిస్తూ, రెండు చెవులూ ఒకటే గోక్కుంటోంది. లోపల నల్లగా పేరుకుంది. మా అత్తగారు వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన కొబ్బరినూనె రెండేసి చుక్కలు వేస్తే రెండు రోజులు తగ్గి మళ్లీ మొదలైంది. మందుల దుకాణంలో అడిగితే మనుషుల చెవి మందు ఇచ్చారు. అదీ వేశాం. చెవిపుల్లతో తీస్తే గులిమి వస్తోంది కానీ మర్నాటికి మళ్లీ అంతే. ఏం చేయమంటారు? – ఒక గృహిణి, తెనాలి*

అమ్మా, ముందు చెవిపుల్ల కింద పెట్టండి. తరువాత ఆ మందు సీసా. నూనె గిన్నె అత్తగారిది కాబట్టి దాని సంగతి చివర్లో, మర్యాదగా మాట్లాడుకుందాం.

జున్ను చెవిలోంచి వచ్చింది ఎలా ఉంది? కాఫీ ఫిల్టరు అడుగున మిగిలే పిప్పిలా నల్లగా, పొడిపొడిగా ఉంటే, వీధి నుంచి వచ్చిన కూన, రెండు చెవులూ దురద అంటున్నారు కాబట్టి, నా మొదటి అనుమానం చెవి మైట్ల మీదే. ఓటోడెక్టిస్ సైనోటిస్ అని దాని శాస్త్రీయ నామం. పేను కాదు, పిడుదు కాదు. ఎనిమిది కాళ్లతో సాలీడుకు దూరపు చుట్టం. అర మిల్లీమీటరు కూడా ఉండదు. గజ్జి పురుగులా చర్మంలోకి తొలుచుకుపోదు. చెవి గొట్టం లోపలి చర్మం మీదే తిరుగుతూ, రాలిన పొరలూ ఊరిన ద్రవమూ తింటూ బతుకుతుంది. మీకు కనిపిస్తున్న ఆ నల్లటిది వట్టి గులిమి కాదు. గులిమి, ఎండిన రక్తం, మైట్లు, వాటి మలం, గుడ్లు, అన్నీ కలిసిన ముద్ద.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. చెవి డొప్ప లోపలి అంచున, పైకి కనిపించేచోట మాత్రమే, దూదితో కొంచెం తుడిచి ఆ పొడిని నల్ల చార్టు కాగితం మీద దులపండి. టేబుల్ దీపం కింద పెట్టి భూతద్దంతో రెండు నిమిషాలు చూడండి. ఉప్పు రవ్వ కన్నా చిన్న తెల్ల చుక్క ఒకటి నెమ్మదిగా కదిలితే సందేహం తీరినట్టే. కదలకపోతే మాత్రం లేవని అనుకోవద్దు. నేనైతే ఆ పొడిని గాజు పలక మీద ఒక చుక్క లిక్విడ్ పారఫిన్‌లో కలిపి మైక్రోస్కోపు కింద పెడతాను. తల్లి మైటు కడుపులో దాని ఒంట్లో దాదాపు సగమంత ఉన్న గుడ్డు కనిపిస్తుంది. ఎన్నేళ్లుగా చూస్తున్నా అది కనిపించినప్పుడల్లా ఆ ఇంటివాళ్లను పిలిచి చూపించకుండా ఉండలేను. ఒకసారి చూసినవాళ్లకు మందు మధ్యలో ఆపకూడదని మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఎందుకంటే అసలు చిక్కంతా ఆ గుడ్డుతోనే. అది నాలుగు రోజులకు పొదుగుతుంది. పిల్ల మైటు రెండు మూడు దశలు దాటి పెద్దదై మళ్లీ గుడ్లు పెట్టడానికి మొత్తం మూడు వారాలు పడుతుంది. చెవిలో వేసే చాలా మందులు తిరిగే మైట్లను చంపుతాయి కానీ గుడ్లను ఏమీ చేయలేవు. మీరు వారం రోజులు వేసి, దురద తగ్గిందని ఆపారనుకోండి. ఆ రోజు చెవిలో ఉన్న గుడ్లు మరో మూడు వారాల్లో మీ ఇంటికి కొత్త తరాన్ని తెస్తాయి. అప్పుడు మందు పనిచేయలేదని మందును తిడతారు. మందు పనిచేసింది, మన క్యాలెండరే పనిచేయలేదు.

ఇక చెవిపుల్ల. పిల్లి చెవి రంధ్రం మనదానిలా ఇంచుమించు తిన్నగా లోపలికి పోదు. ముందు కిందికి దిగుతుంది, తరువాత మలుపు తిరిగి అడ్డంగా కర్ణభేరి దాకా వెళ్తుంది. డాబా మీది వాన నీటి గొట్టానికి ఎల్బో బిగిస్తారు చూడండి, అదే ఆకారం. పుల్ల పెట్టి తిప్పితే చివరన అంటుకున్న కాస్త నలుపు చూసి శుభ్రమైందని సంతోషిస్తాం. మిగతాదంతా ఎల్బో దగ్గర దట్టించుకుపోతుంది.

మనుషుల చెవి మందు గురించి చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను తిరుపతి వెటర్నరీ కళాశాలలో చదువుకున్న రోజుల్లో మా చదువంతా ఆవు, గేదె, గొర్రె, కోడి. కుక్క కొంచెం. పిల్లి దాదాపు లేదు. ఉద్యోగంలో చేరిన పల్లెటూరి పశువుల ఆసుపత్రి రిజిస్టరులో పిల్లికి గడే లేదు. వస్తే 'ఇతరములు' అనే గడిలో రాసేవాళ్లం. ఒక రోజు బియ్యం మిల్లులో పనిచేసే ఒకాయన గోనెసంచిలో పిల్లిని వేసుకొచ్చాడు. ఎలుకలు పట్టే పిల్లి, చెవులు రక్తం కారేలా గోక్కుంది. సంచిలోంచి తల మాత్రం బయటికి తీయించి, లోపలికి చూడకుండానే, చేతికి అందిన జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ చుక్కలు వేశాను. మర్నాడు పిల్లి తల ఒక పక్కకు వాలిపోయి, తాగినవాడిలా తూలుతూ తిరిగింది. దాని కర్ణభేరికి అప్పటికే చిల్లు పడి ఉంది. మందు ఆ చిల్లులోంచి జారి, ఒంటికి తూకం నిలిపే లోపలి చెవిని దెబ్బతీసింది. మూడు వారాలకు నడక కుదుటపడింది కానీ తల వంపు పూర్తిగా పోలేదు. మిల్లువాళ్లు దాన్ని వంకరమ్మ అని పిలిచేవాళ్లు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా అది నన్ను వంకరగా చూసేది. చూడక ఏం చేస్తుంది!

అప్పటి నుంచి ఓటోస్కోపుతో, అంటే చెవి లోపలికి చూసే దీపం పరికరంతో, కర్ణభేరి చూడకుండా ఏ చెవిలోనూ చుక్క వేయను. మీరూ వేయనివ్వవద్దు. జున్ను ఇప్పటికే తల ఒక పక్కకు వంచుతున్నా, తూలుతున్నా, ఒక కంటిపాప చిన్నదై, కంటి లోపలి మూలలో ఉండే పొర లాంటి మూడో రెప్ప పైకి వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డాక్టరు గారు కర్ణభేరి బాగుందని తేల్చుకున్నాక చెవి కడిగే ద్రావణం ఇస్తారు. సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి వాడండి. చల్లని ద్రావణం చెవిలో పడితే పిల్లి మిమ్మల్ని క్షమించదు. చెవి నిండేలా పోసి, చెవి మొదట్లో వేళ్లతో మెల్లగా పిసికితే పిచికి పిచికిమని చప్పుడు వస్తుంది. వదిలేయండి. అది తల విదిలిస్తుంది, గులిమి గోడ మీద పడుతుంది, మీ చీర మీదా పడుతుంది. పైకి వచ్చింది దూదితో తుడవండి, అంతే. మైట్లను చంపేందుకు సెలమెక్టిన్ లాంటి మందును మెడ వెనక చర్మం మీద వేస్తారు. ఎలా పనిచేస్తుందో కింది ఉత్తరంలో రాశాను. గోకుడు వల్ల బాక్టీరియానో ఈస్టో చేరి ఉంటే దానికి విడిగా చుక్కలు ఇస్తారు.

అత్తగారి నూనె వల్ల రెండు రోజులు తగ్గిన మాట నిజమే అయి ఉంటుంది. ఏ నూనె అయినా గులిమిని మెత్తబరుస్తుంది, కొన్ని మైట్లకు ఊపిరాడనివ్వదు. గుడ్లు మాత్రం క్షేమంగా ఉంటాయి. పైగా జిడ్డు నిండిన చెవిలో డాక్టరుకు కర్ణభేరి కనిపించదు. అసలు గొడవ వెల్లుల్లితో. పిల్లి పంజాతో చెవి తుడుచుకుని ఆ పంజా నాకుతుంది. వెల్లుల్లి, ఉల్లి పిల్లుల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. దయచేసి అది వద్దు. కర్పూరం కలిపిన నూనె అసలే వద్దు. ఈ మాట నేను అన్నానని అత్తగారికి చదివి వినిపించండి. కోపం నా మీదికి పోతుంది.

*ప్రశ్న: మా ఇంట్లో రెండు పిల్లులు, ఒక పామెరేనియన్ కుక్క. ఒక పిల్లికి చెవి మైట్లు అని డాక్టరు మెడ మీద ఏదో మందు పిండారు. జబ్బు చెవిలో ఉంటే మెడ మీద మందేమిటి? పైగా ఐదు వారాలకు దురద మళ్లీ వచ్చింది. కుక్కకు పిడుదుల కోసం కొన్న మెడ మందు ఇంట్లో ఉంది. అది కొంచెం కొంచెం పిల్లులకు వేయవచ్చా? – ఒక ఉద్యోగి, కూకట్‌పల్లి, హైదరాబాదు*

చివరి ప్రశ్నకు ముందు జవాబు: వద్దు, ఒక్క చుక్క కూడా వద్దు. ఆ డబ్బా మీద పెర్మెత్రిన్ అని ఉందేమో ఇప్పుడే చూడండి. కుక్క కాలేయం దాన్ని విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. కుక్కల మందు పడిన పిల్లి కొన్ని గంటల్లో చొంగ కారుస్తూ వణకడం మొదలుపెడుతుంది, తరువాత ఫిట్స్ వస్తాయి. ఎవరైనా ఇప్పటికే వేసి ఉంటే గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో మెడ కడిగి, తువ్వాలులో చుట్టి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. కుక్కకు అలాంటి మందు వేసినప్పుడు అది ఆరేదాకా పిల్లులను దాని పక్కన పడుకోనివ్వకండి.

మెడ మీద ఎందుకంటే, ముందుగా, అది పిల్లి నాలుకకు అందని చోటు. వెంట్రుకలు పాయ తీసి చర్మం మీదే పిండాలి, బొచ్చు మీద కాదు. సెలమెక్టిన్ చర్మం గుండా రక్తంలోకి, అక్కడి నుంచి ఒంటి మీది నూనె గ్రంథుల్లోకి చేరుతుంది. చెవి లోపలి చర్మమూ చర్మమే కదా. అక్కడ మేసే మైటుకు తిండితోపాటు మందూ అందుతుంది. ఇమిడాక్లోప్రిడ్, మాక్సిడెక్టిన్ కలిసిన మందూ, పిల్లుల కోసం చేసిన ఫ్లూరలానర్ చుక్కలూ మైట్ల మీద బాగా పనిచేస్తాయి. ఏది వేయాలో పిల్లి వయసు, బరువు, ఫిట్స్ చరిత్ర చూసి డాక్టరు నిర్ణయిస్తారు. ఎనిమిది వారాలు నిండని కూనకు మీ అంతట మీరు ఏదీ వేయవద్దు. పశువులకిచ్చే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ ఉంటుంది కదా అని పల్లెల్లో సూదిలో కాస్త తీసి పొడిచేవాళ్లు ఉన్నారు. అది ఆవు బరువుకు చేసిన గాఢత. చిన్న కూనకు చుక్క తేడా వచ్చినా ప్రాణం మీదికి వస్తుంది.

మళ్లీ ఎందుకు వచ్చిందో మీ ఉత్తరం మొదటి వాక్యంలోనే ఉంది. మందు ఒక పిల్లికి వేశారు, ఇంట్లో ఉన్నవి మూడు జంతువులు. ఈ మైటు పిల్లి నుంచి కుక్కకు, కుక్క నుంచి పిల్లికి ఇట్టే ఎక్కుతుంది. రెండో పిల్లి గోక్కోవడం లేదు కదా అంటారు. కొన్ని పిల్లుల చెవిలో మైట్లున్నా దురద కనిపించదు. అవే ఇంటికి సరఫరాదారులు. మూడింటికీ ఒకే రోజున వేయించండి. ఆ రోజును వంటింటి క్యాలెండరు మీద రాసి, డాక్టరు చెప్పినంత గడువుకు మళ్లీ మూడింటికీ వేయించండి. సెలమెక్టిన్ అయితే మామూలుగా నెల. పరుపు గుడ్డలు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. జంతువు ఒంటి మీద నుంచి రాలిన మైటు కొన్ని రోజులు బతికి ఉండగలదు. ఇల్లంతా పురుగుల మందు కొట్టించాల్సినంత పని మాత్రం లేదు.

*ప్రశ్న: మా ఏడేళ్ల మనవడు పిల్లిని తల పక్కన పెట్టుకుని పడుకుంటాడు. ఆ పిల్లికి చెవి మైట్లని తేలింది. పిల్లాడి చెవిలోకి పోతాయా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం*

మాస్టారూ, ఈ ప్రశ్నకు తన చెవితోనే జవాబు వెతికిన పశువైద్యుడు ఒకాయన ఉన్నాడు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌పోర్ట్‌కు చెందిన రాబర్ట్ లోపెజ్. పిల్లి చెవిలోని మైట్ల ముద్దను తెచ్చి తన ఎడమ చెవిలో పెట్టుకున్నాడు. లోపల గోకే చప్పుడు, అవి తిరిగే చప్పుడు వినిపించాయట. రాత్రయ్యేసరికి హడావుడి ఎక్కువై నిద్ర పోయిందట. మీ పిల్లి అర్ధరాత్రి లేచి ఎందుకు గోక్కుంటుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. నెల తిరిగేసరికి అవే తగ్గిపోయాయి. ఊరుకోకుండా ఇంకో రెండుసార్లు పెట్టుకున్నాడు. ప్రతిసారీ బాధ తగ్గుతూ వచ్చింది. 1994లో ఆయనకు కీటకశాస్త్రంలో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. నవ్వు తెప్పించి ఆ తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది.

కాబట్టి ముద్ద తెచ్చి చెవిలో పెట్టుకుంటే తప్ప, మామూలుగా మనుషుల చెవిలో ఇవి కాపురం పెట్టవు. చేతుల మీద, పొట్ట మీద ఎర్రటి చిన్న దద్దుర్లు అప్పుడప్పుడు వస్తాయి. పిల్లికి నయమైతే అవీ పోతాయి. వైద్యం జరుగుతున్నన్నాళ్లూ పిల్లిని మనవడి మంచం దించండి. ఎలా దించుతారో మాత్రం నాకు చెప్పడం చేతకాదు.

*ప్రశ్న: మా పిల్లి చెవుల అంచుల మీద బూడిద రంగు పొట్టు మందంగా కట్టింది. ఇప్పుడు నుదురు, కళ్ల చుట్టూ కూడా వస్తోంది. చెవి లోపల శుభ్రంగానే ఉంది. ఇదీ అదే మైటా? – ఒక విద్యార్థిని, విశాఖపట్నం*

చుట్టమే కానీ అది కాదు. చెవి అంచున మొదలై ముఖమంతా పాకేది నోటోఎడ్రిస్ అనే గజ్జి అయి ఉండవచ్చు. ఇది చర్మంలోకి తొలుచుకుపోతుంది. దురద భరించరానిది. వదిలేస్తే పిల్లి తిండి మానేసి చిక్కి శల్యమవుతుంది. డాక్టరు చర్మాన్ని కొంచెం గీకి మైక్రోస్కోపులో చూసి చెబుతారు. మెడ మందులతోనే చాలావరకు లొంగుతుంది. ఇది మీ చేతులకూ కొద్ది రోజులు అంటుతుంది కాబట్టి పట్టుకున్నాక సబ్బుతో కడుక్కోండి. ఒక హెచ్చరిక: మీది తెల్ల పిల్లి అయి, దురద లేకుండా చెవి కొసన మాత్రమే మానని పుండు ఉంటే అది గజ్జి కాకపోవచ్చు. తెల్ల చెవులకు ఎండ వల్ల క్యాన్సరు వస్తుంది. ఆలస్యం చేయకండి.

*ప్రశ్న: పిల్లి చెవి బయటి అంచున కింది భాగంలో చిన్న జేబులా చీలిక ఉంది. మైట్లు కొరికేశాయా? – కాకినాడ నుంచి*

లేదండీ, అది పుట్టుకతోనే అన్ని పిల్లులకూ ఉంటుంది. రెండో చెవి కూడా చూడండి. నెలకొకరైనా దీనికి కుట్లు వేయమని వస్తారు. చెవి తుడిచేటప్పుడు ఆ మడత లోపలా తుడవండి, గులిమి అక్కడ దాక్కుంటుంది.

*ప్రశ్న: మా పిల్లి నెల రోజులుగా చెవి గోక్కుంటోంది. నిన్నటి నుంచి చెవి డొప్ప పూరీలా ఉబ్బింది. వేడిగా ఉంది, ముట్టుకోనివ్వడం లేదు. సూదితో పొడిచి నీరు తీసేయమని పక్కింటివాళ్లు అంటున్నారు. నొప్పికి పారాసెటమాల్ అర బిళ్ల వేయవచ్చా? – ఒక పాఠకుడు, ఖమ్మం*

ముందు బిళ్ల సంగతి. వేయకండి, అర కాదు, పావు కూడా. హైదరాబాదు ఉత్తరంలో చెప్పిన కాలేయం కథే ఇక్కడా. మనకు మామూలైన ఒక్క పారాసెటమాల్ బిళ్ల పిల్లిని చంపగలదు. చిగుళ్లు నీలిగోధుమ రంగుకు తిరిగి, ముఖం వాచి, ఊపిరాడక పోతుంది. ఇప్పటికే వేసి ఉంటే ఈ జవాబు పూర్తిగా చదవకండి, ఆసుపత్రికి బయలుదేరండి.

చెవిలో ఉన్నది నీరు కాదు, రక్తం. విదిలించీ గోకీ డొప్ప లోపల ఒక రక్తనాళం తెగి, చర్మానికీ మృదులాస్థికీ మధ్య రక్తం నిండింది. ఇంట్లో సూదితో పొడిస్తే సాయంత్రానికి మళ్లీ నిండుతుంది, ఈసారి చీము కూడా పట్టవచ్చు. డాక్టరు మత్తిచ్చి రక్తం తీసి, రెండు పొరలూ మళ్లీ అతుక్కునేలా డొప్ప ఈ పక్క నుంచి ఆ పక్కకు వరసగా కుట్లు వేస్తారు, లేదా సన్నని గొట్టం పెట్టి కొన్ని రోజులు కారనిస్తారు. ఏమీ చేయకుండా వదిలేస్తే రక్తం దానంతట అదే ఇంకిపోవచ్చు, చెవి మాత్రం వాడిన తమలపాకులా ముడుచుకుపోతుంది. మెడకు పెట్టిన గరాటు లాంటి పట్టీని తిండి పెట్టేటప్పుడు తప్ప తీయకండి. అన్నిటికన్నా ముఖ్యం, నెల రోజులు గోకింది ఎందుకో చూడమనండి. మైట్లు ఉంటే వాటికి వైద్యం జరగకుండా కుట్లు మాత్రమే వేయిస్తే పదో రోజున అదే చెవి మళ్లీ పూరీ అవుతుంది. కుట్లు విప్పే రోజున రెండో చెవిలోకి కూడా ఓటోస్కోపు పెట్టించండి.